తొమ్మిదేళ్లు మాటల్లేని అక్కాతమ్ముళ్లు, మూడు గంటల సంస్మరణ సభ: ఒక కేసు

ఈ కేసులోని వయసులు, వృత్తులు, కొన్ని సంఘటనల వరుస మార్చాం. రాయడానికి అక్క, తమ్ముడు ఇద్దరూ ఒప్పుకున్నారు. కుటుంబ కౌన్సెలింగ్ చేసేవాళ్లకు ఇది రెండు కారణాల వల్ల ఉపయోగపడుతుంది. ఒకటి, మొదటి మూడు ప్రయత్నాలూ విఫలమయ్యాయి, అందులో రెండింటికి బాధ్యత కౌన్సెలింగ్ వైపుదే. రెండోది, "వీళ్లను కలపాలి" అనే లక్ష్యాన్ని పక్కన పెట్టాకే కేసు కదిలింది.

నేపథ్యం

ముగ్గురు తోబుట్టువులు. అక్కకు అరవై దగ్గరపడుతున్నాయి, తమ్ముడికి యాభై దాటాయి, చెల్లెలు నలభైల చివర్లో ఉంది. తండ్రి ఎప్పుడో పోయాడు. పదకొండేళ్ల కిందట తల్లికి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. అక్క తన కాపురాన్ని తల్లి ఇంటికి మార్చి చివరిదాకా చూసుకుంది. దూరంగా ఉండే తమ్ముడు నెలనెలా డబ్బు పంపాడు. ఒక్క నెల కూడా తప్పలేదు.

రెండో ఏట తల్లి పేరున ఉన్న డిపాజిట్‌ను అక్క గడువుకు ముందే తీసింది. స్నానాల గదిలో పట్టుకోవడానికి కడ్డీలు, చక్రాల కుర్చీ పట్టేలా వెడల్పు తలుపు, రాత్రిపూట మనిషికి జీతం: డబ్బు వీటికే పోయింది. తమ్ముడికి మాత్రం చెప్పలేదు. బ్యాంకు కాగితం కంటబడి అతనికి తెలిసింది. తల్లి మళ్లీ ఆసుపత్రిలో చేరినప్పుడు వార్డు బయట పదిమంది బంధువుల ముందు "లెక్కలు చూపించు" అన్నాడు. "లెక్కలడిగేవాడివి ఒక్క రాత్రి ఆమె పక్కన పడుకుని చూడు" అంది అక్క. తర్వాత తొమ్మిదేళ్లు ఇద్దరి మధ్య మాట లేదు.

ఈ తొమ్మిదేళ్లూ తమ్ముడు తల్లిని చూడటానికి వచ్చేవాడు, అక్క ఇంట్లో లేని గంటల్లో. ఆ గంటలు చూసి చెప్పే పని చెల్లెలిది. తల్లి పోయిన రోజు అతను గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి వెళ్లిపోయాడు. ఏడు వారాల తర్వాత ఇంట్లోనే సంస్మరణ సభ పెట్టుకున్నారు. నలభై మంది వస్తారు. ఆ తర్వాత ఇల్లు ఖాళీ చేయాలి. వీలునామా ప్రకారం ముగ్గురికీ సమాన వాటా.

ఫోన్ చేసింది చెల్లెలే. "సభలో గొడవ కాకుండా వాళ్లిద్దరినీ కలపండి" అంది.

మొదటి నిర్ణయం: ఎవరి కేసు ఇది?

చెల్లెలినే క్లయింటుగా తీసుకుని ఆమె ద్వారా పని నడపడం తేలికగా కనిపిస్తుంది. తీసుకోలేదు. ఇద్దరి మధ్య ఒత్తిడి పెరిగితే అది మూడో మనిషిని లోపలికి లాక్కుని నిలదొక్కుకుంటుందని, దాన్నే త్రికోణమని కుటుంబ చికిత్స సిద్ధాంతకర్త మర్రీ బోవెన్ చెప్పాడు. ఇక్కడ చెల్లెలు తొమ్మిదేళ్లుగా ఆ మూడో మూల. ఆమె ఎంత బాగా మోస్తే తెగతెంపులు అంత హాయిగా సాగుతాయి, ఎందుకంటే ఇద్దరికీ నేరుగా మాట్లాడాల్సిన అవసరమే రాదు. అందుకే ఆమెతో ఒకటే చెప్పాం: నంబరు ఇద్దరికీ ఇవ్వండి, ఎవరికి కావాలంటే వాళ్లే చేస్తారు. తమ్ముడు నాలుగో రోజున చేశాడు. అక్క పదకొండో రోజున. ఈ వారం రోజుల తేడా కూడా సమాచారమే. తర్వాత ప్రతి అడుగూ అక్క వేగంతో వేయాలని అప్పుడే తేలింది.

ఇద్దరితో విడివిడిగా, 50 నిమిషాల చొప్పున మూడేసి సెషన్లు జరిగాయి. మొదటి సెషన్‌లో అడగాల్సినవి వేరు: కొట్టడం, బెదిరించడం, చిన్నప్పటి వేధింపులు, ప్రస్తుతం తాగుడు, నడుస్తున్న కోర్టు కేసు. వేధింపులున్న చోట దూరంగా ఉండటం ఆత్మరక్షణ. దాన్ని సమస్యగా చూసి కలిపే ప్రయత్నం చేయడం హాని. ఇక్కడ అవేవీ లేవు. ఆస్తి పత్రాల విషయం వకీలు దగ్గరే తేల్చుకోవాలని, ఈ గదిలోకి తేకూడదని ముందే చెప్పాం.

అసలు సమస్య

రెండో సెషన్‌లో ఇద్దరికీ ఒకే ప్రశ్న: "సభ అయిపోయి మీరు ఇంటికి వెళ్తున్నప్పుడు, ఏం జరిగి ఉంటే ఇది చాలు అనిపిస్తుంది?" గతం గురించి అడిగితే ఇద్దరి దగ్గరా ఆసుపత్రి వరండాయే వస్తుంది. ఈ ప్రశ్నకు మాత్రం అప్పటిదాకా ఎవరికీ చెప్పనివి వచ్చాయి. తమ్ముడు: "నన్ను పరాయివాడిలా గుమ్మం బయట నిలబెట్టకుండా ఉంటే చాలు." అక్క: "మళ్లీ లెక్కలెత్తకుంటే చాలు. నువ్వు చేశావు అని ఒక్కసారి, ఒక్కరైనా అంటే ఇంకా..." అని ఆపేసింది.

ఇద్దరి జవాబుల్లోనూ డబ్బు మొత్తం ఎంతన్నది లేదు. కుటుంబంలో ఎవరు ఎంత ఇచ్చారు, ఎవరికి ఎంత రావాలి అన్న ఖాతా ప్రతివాళ్ల మనసులోనూ నడుస్తుందని కుటుంబ చికిత్సకుడు ఇవాన్ బోసోర్మెన్యీ-నాగి రాసినది ఇక్కడ అచ్చంగా కనిపించింది. చిక్కేమిటంటే తమ్ముడి ఖాతా డబ్బులో ఉంది, అక్కది రాత్రుల్లో. ఒకదాన్ని రెండోదానిలోకి మార్చే రేటు ఎక్కడా ఉండదు. నూట ముప్పై నెలల డబ్బు, నాలుగు వేల రాత్రులు: ఎవరికి వాళ్లు తామే ఎక్కువ ఇచ్చామనుకుంటారు, ఇద్దరిదీ నిజమే.

మూడు తరాల వంశవృక్షం గీయిస్తే ఇంకొకటి బయటపడింది. తండ్రి తన అన్నతో ఇరవై ఏళ్లకు పైగా మాట్లాడలేదు. మాట మానేయడం ఈ ఇంట్లో నేర్చుకున్న పద్ధతి. ఆ కాగితం చూశాక తమ్ముడి గొంతు తగ్గింది. అక్క దాన్ని పట్టించుకోలేదు. సమాజశాస్త్రవేత్త కార్ల్ పిల్లెమర్ 2020లో వెలువరించిన అమెరికా సర్వేలో 1,340 మంది వయోజనుల్లో 27 శాతం మంది ఎవరో ఒక బంధువుతో తెగిపోయి ఉన్నామన్నారని చెప్పినప్పుడు మాత్రం ఆమెకు ఊరట కలిగింది. మా ఇంట్లోనే ఇలా ఎందుకయింది అనే సిగ్గు ఎక్కువగా ఉన్నవాళ్లకు ఈ సంఖ్య పనికొస్తుంది.

విఫలమైనవి

మొదటిది ఉత్తరం. తమ్ముడు రాస్తానన్నాడు. సరే అన్నాం. నాలుగు పేజీలు, దాదాపు 1,100 పదాలు వచ్చింది. చిత్తుప్రతి చదివి కొన్ని పదునైన మాటలు తీయించి పంపనిచ్చాం. అది పొరపాటు. మాటలు మెత్తబడ్డాయి కానీ వరుస మారలేదు: ముందు తన కష్టం, తర్వాత డిపాజిట్ సంగతి, చివర్లో "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు". తర్వాత లెక్కపెడితే "కానీ" పద్నాలుగు చోట్ల ఉంది. అక్క దాన్ని అభియోగ పత్రంలా చదివింది. మనోవైద్యుడు ఆరన్ లాజర్ క్షమాపణను నాలుగు భాగాలుగా చూశాడు: తప్పు ఒప్పుకోవడం, వివరణ, పశ్చాత్తాపం, సరిదిద్దడం. ఈ ఉత్తరంలో మూడున్నర పేజీలు వివరణే. ఒప్పుకోవడం కంటే ముందొచ్చిన వివరణ సమర్థనగానే వినిపిస్తుంది, ఎంత నిజమైనా.

రెండోది వీడియోలో ఉమ్మడి సెషన్, సభకు 24 రోజుల ముందు. 60 నిమిషాలకు మూడు అంశాలు పెట్టాం, అందులో రెండోది డిపాజిట్. పదిహేడో నిమిషంలో అక్క గొంతు పెరిగింది, తమ్ముడి ముఖం రాయి అయింది. ఆ రాతి ముఖాన్ని ఆమె నిర్లక్ష్యం అనుకుంది. నిజానికి అది లోపల పొంగిపోతున్న మనిషి ముఖం. దంపతుల గొడవలను కొలిచిన జాన్ గాట్‌మన్ పరిశోధనల్లో గుండె నిమిషానికి 100 దాటి కొట్టుకుంటున్నప్పుడు ఎదుటివాళ్ల మాట తలకెక్కదని, శరీరం దిగిరావడానికి కనీసం 20 నిమిషాలు కావాలని తేలింది. వీడియోలో మాట అర సెకను ఆలస్యంగా వస్తుంది, ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడతాయి, ఒకరు ఆపితే మాట మింగేశారని రెండోవాళ్లు అనుకుంటారు. ఇరవై అయిదో నిమిషంలో ఆపి, విరామం ఇచ్చి, తిరిగొచ్చాక విషయంలోకి వెళ్లకుండా "ఈ రోజుకు ఇక్కడితో ఆపుదాం" అని మాత్రమే చెప్పి ముగించాం. గొడవ మధ్యలో లింకు కట్ చేస్తే ఆఖరి మాటే మిగిలిపోతుంది, అందుకని.

మూడోది మన చేతిలో లేనిది. రెండు రోజుల తర్వాత చెల్లెలు తమ్ముడితో "అక్క కొంచెం మెత్తబడింది, ఫోన్ చెయ్" అంది. ప్రేమతోనే అంది. అక్క మెత్తబడలేదు. అతను చేశాడు, ఆమె ఎత్తలేదు. ఇక అప్పటినుంచి చెల్లెలికి ఒకే వాక్యం ఇచ్చాం: "అది నువ్వే అడుగు." ఇది చెప్పడం ఆమెకు మిగతా ఇద్దరి పనికన్నా కష్టమైంది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో ఆమె విలువంతా ఆ మోయడంలోనే ఉంది మరి.

లక్ష్యాన్ని కుదించడం

అప్పటికి మూడు వారాలు మిగిలాయి. వరండా నాటి గొడవను మూడు వారాల్లో తేల్చడం అయ్యే పని కాదు. పైగా సభ అన్నది అందుకు అన్నిటికన్నా చెడ్డ చోటు: ప్రేక్షకులుంటారు, దుఃఖం ఉంటుంది, నిద్ర ఉండదు. కాబట్టి లక్ష్యం మార్చాం. ఒకే ఇంట్లో మూడు గంటలు, ఎవరికీ గాయం కాకుండా. ఇద్దరికీ ఇది చెప్పినప్పుడు ఇద్దరూ ఒకేలా ఊపిరి వదిలారు. కలిసిపోవాలన్న ఒత్తిడే అప్పటిదాకా ఇద్దరినీ వెనక్కి నెడుతోంది.

రెండో ఉత్తరానికి షరతులు: అరవై పదాలు దాటకూడదు. "కానీ", "అయితే", "ఉంటే" వద్దు. ఒక్క సంఘటన పేరుపెట్టి చెప్పాలి. ఏమీ అడగకూడదు, క్షమించమని కూడా. చేత్తో రాసి పోస్టులో పంపాలి. ఫోన్ సందేశమైతే చదివినట్టు గుర్తు కనిపిస్తుంది, ఆ గుర్తు పడ్డ క్షణం నుంచి జవాబు కోసం ఎదురుచూపు మొదలవుతుంది. అయిదో ప్రతి ఇలా వచ్చింది:

"అక్కా, పదకొండేళ్లు అమ్మకు రాత్రిళ్లు లేచింది నువ్వు. ఆ రోజు ఆసుపత్రిలో అందరి ముందు నిన్ను లెక్కలడిగాను. అది తప్పు. నిన్ను దొంగలా నిలబెట్టాను, సిగ్గుపడుతున్నాను. సభ రోజు నా నోటినుంచి డబ్బు మాట రాదు, ఇంకెవరెత్తినా ఆపుతాను. దీనికి నువ్వు జవాబు రాయక్కర్లేదు."

వివరణ ఒక్క ముక్క కూడా లేదు. సరిదిద్దడం మాత్రం ఉంది, అదీ అతని చేతిలో ఉన్నదే. మరి డిపాజిట్ సంగతి దాచినందుకు అక్క కూడా ఒప్పుకోవాలి కదా అని తమ్ముడు అడిగాడు, న్యాయంగానే. అప్పుడు అడగకూడదన్నది మా నిర్ణయం. నువ్వొకటి నేనొకటి అని మొదలైతే అది బేరమవుతుంది, బేరంలో వచ్చిన మాటకు విలువ ఉండదు. అయితే అతని న్యాయం కొట్టిపారేయలేదు. వాయిదా వేశాం, వాయిదా వేస్తున్నామని చెప్పి మరీ వేశాం.

ఉత్తరం సభకు 18 రోజుల ముందు వెళ్లింది. తొమ్మిది రోజులు నిశ్శబ్దం. తర్వాత ఫోన్లో రెండే మాటలు: "ఉత్తరం అందింది." తమ్ముడు కుంగిపోయాడు. తొమ్మిదేళ్లలో ఆమె తనంతట తాను అతనికి చెప్పిన మొదటి మాటలు అవేనని గుర్తుచేయాల్సి వచ్చింది.

సభకు ముందు ఒక చిన్న కలయిక

నలభై మంది ముందు మొదటిసారి ఎదురుపడకూడదు. అందుకని సభకు మూడు రోజుల ముందు, బెడిసికొడితే సర్దుకోవడానికి వ్యవధి ఉండేలా, 25 నిమిషాల నడక. ఎదురెదురుగా కూర్చోవడం కాదు, పక్కపక్కన నడవడం: కళ్లలోకి చూడాల్సిన పని ఉండదు, మౌనం కూడా సహజంగా ఉంటుంది. చేతిలో ఒక పని కూడా పెట్టాం. సభలో పెట్టడానికి తల్లి ఫొటోలు ఇరవై తీసుకెళ్లి ఎనిమిది ఎంచాలి. జీవిత భాగస్వాములు రాకూడదు. ఆ నడకలో వాళ్లు మాట్లాడింది ఫొటోల గురించి, వంటింటి కప్పు కారడం గురించి. అంతే. పన్నెండు నిమిషాలు అసలు మాటే లేదట. ఇద్దరూ విడివిడిగా "బాగానే జరిగింది" అన్నారు.

తమ్ముడి భార్యకు విడిగా ఒక సెషన్ ఇవ్వడం తర్వాత తట్టింది, ముందే ఇవ్వాల్సింది. ఇలాంటి కేసుల్లో భాగస్వాముల కోపం ఆలస్యంగా చల్లారుతుంది. తొమ్మిదేళ్లు ఆ మనిషి నిద్రపోకపోవడం చూసింది వాళ్లు. ఉత్తరాలు, నడకలు మాత్రం వాళ్ల దాకా రావు.

సభ రోజు ఏర్పాట్లు

ఒక పేజీ ఒప్పందం ఇద్దరూ చదివి సరేనన్నారు. తమ్ముడు అతిథుల కన్నా 40 నిమిషాల ముందు వస్తాడు. నిండిన గదిలోకి ఆలస్యంగా అడుగుపెడితే తలలన్నీ తిరుగుతాయి, ఆ చూపుల్లోనే సగం బిగుసుకుపోతాడు. వచ్చినవాళ్లను గుమ్మం దగ్గర పలకరించే పని అతనిదే. ఈ సూచన అక్క చేసింది. గుమ్మం బయట నిలబెట్టకుంటే చాలని అతను అన్న మాట ఆమెకు మేము చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

మొదటి పలకరింపు కూడా ముందే అనుకున్నదే: "వచ్చావా", "వచ్చానక్కా". ఒకే వరుసలో కూర్చుంటారు, మధ్యలో పిన్ని. చెల్లెలు కాదు, ఆమెను మళ్లీ మధ్యలో పెడితే పడ్డ శ్రమంతా పోతుంది. తల్లి గురించి ముగ్గురూ నాలుగేసి నిమిషాలు మాట్లాడతారు, రాసుకున్నది ముందు రోజే ఒకరిది ఒకరు చదువుతారు. చదివినప్పుడు అక్క తన దాంట్లో "నేనొక్కదాన్నే" అన్న మాట తనే కొట్టేసింది. తమ్ముడి కారు అందరికన్నా బయట ఉండాలి, వెనక ఎవరూ అడ్డం పెట్టకుండా. ఉక్కిరిబిక్కిరైతే చెప్పే మాట: "కాస్త గాలికి వెళ్లొస్తాను." ఈ మాటన్నాక ఎవరూ వెంట వెళ్లకూడదు. 20 నిమిషాల్లో రాకపోతే వెళ్లిపోయినట్టు, దానికి తర్వాత సంజాయిషీ అడగకూడదు.

ఫొటో గురించి ఎక్కువమంది మర్చిపోతారు. ఎవరో ఒకరు "ముగ్గురూ దగ్గరగా నిలబడండి, భుజం మీద చెయ్యేయండి" అంటారు. ఆ క్షణంలో తప్పుకుంటే అందరికీ తెలుస్తుంది, చెయ్యేస్తే అబద్ధమవుతుంది. ఒక ఫొటోకు సరే, చెల్లెలు మధ్యలో, చేతులు కిందికి అని ముందే అనుకున్నారు. మధ్యలో వద్దన్న చెల్లెలు ఇక్కడ మధ్యలో ఉండటం విడ్డూరమే, కానీ అది పది సెకన్ల పని.

రెండో గంటలో మేనమామ అందుకున్నాడు. "ఇల్లు ఏం చేస్తున్నారు? ఇన్నాళ్లూ అక్కడే ఉంది కాబట్టి..." తమ్ముడు అనుకున్నట్టే "ఈ రోజు అమ్మ రోజు మామయ్యా, ఆ మాట ఇంకో రోజు" అన్నాడు. గొంతు వణికింది. "కాస్త గాలికి వెళ్లొస్తాను" అని బయటికి నడిచాడు. పద్దెనిమిదో నిమిషంలో తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు. తర్వాతి సెషన్‌లో అక్క ఉత్తరం గురించి ఏమీ అనలేదు. "వెళ్లిపోయాడనుకున్నాను. తిరిగొచ్చాడు" అని రెండుసార్లు అంది.

ఇల్లు సర్దడం

దీన్ని సభకు మూడు వారాల తర్వాతకు జరిపాం. దుఃఖం, పంపకం ఒకే రోజు పెట్టుకోకూడదు. ముందుగా వస్తువులన్నిటికీ ఫొటో తీసి నంబర్లు వేశారు, 140 తేలాయి. అమ్మితే ధర పలికేవి వకీలు జాబితాలోకి వెళ్లాయి. మిగిలిన వాటికి ముగ్గురూ మూడు రంగుల స్టిక్కర్లు, ఒకరి తర్వాత ఒకరు విడిగా వెళ్లి అంటించారు. ఒకే రంగు ఉన్నవి వాళ్లకే. రెండు మూడు రంగులు పడ్డవి పదకొండు. వాటికి చీటీలు తీసి వరుస పెట్టారు: ఒకటి, రెండు, మూడు, మళ్లీ మూడు, రెండు, ఒకటి. ప్రతి రౌండూ ఒకటితోనే మొదలుపెడితే మూడో మనిషికి ఎప్పుడూ మిగిలిందే దక్కుతుంది.

ఆ పదకొండులో ఒకటి అక్క రాసిన మందుల పుస్తకం. ఏ మందు, ఎన్నింటికి, ఎవరిచ్చారు. రాత్రి 2:10, 4:00, 5:30. పేజీ తర్వాత పేజీ ఒకే దస్తూరి. తమ్ముడు అక్కడే నిలబడి చాలాసేపు తిప్పాడు. ఆ పుస్తకం తనకొద్దు, నకలు చాలన్నాడు. నకలు తీయించి ఇస్తూ అక్క అంది: "డిపాజిట్ నీకు చెప్పి తీయాల్సింది."

ఇంకోసారి చేస్తే

మొదటి ఉత్తరాన్ని పంపనివ్వకూడదు. ఉమ్మడి సెషన్‌ను ఎదురెదురుగా ఒకే గదిలో, ఒకే అంశంతో, 30 నిమిషాలకు పెట్టాలి. అదీ రెండో ఉత్తరం తర్వాతే. భాగస్వాములతో మొదటి రెండు వారాల్లోనే మాట్లాడాలి. చెల్లెలికి ఇచ్చిన ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా ఆమెకూ రెండు సెషన్లు కావాలి. మోయడం ఆపేశాక ఆమెకు మిగిలిన ఖాళీని ఎవరూ చూడలేదు, ఆరు నెలల తర్వాత ఆమె తనంతట తాను ఫోన్ చేసేదాకా.

ఆరు నెలల నాటికి పరిస్థితి: అక్క, తమ్ముడు నెలకోసారి ఇంటి పనుల మీద ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. వరండా సంగతి మళ్లీ రాలేదు. తమ్ముడి భార్య ఇంకా అక్క ఇంటికి రాలేదు, రమ్మని ఎవరూ అడగలేదు.